కరెంటు బిల్లులో ‘సర్దుబాటు’ లైన్లు: ఉద్గారాల లక్ష్యాల ఖర్చు మన నెత్తినేనా?

పటమట_ప్రసాద్
2025 అక్టోబరు బిల్లు నిన్న ఇచ్చి వెళ్లాడు రీడింగ్ అబ్బాయి. 310 యూనిట్లు. ఎనర్జీ ఛార్జీలు 1,760 రూపాయలు. అక్కడిదాకా సరే, వాడుకున్నాం, కడతాం. దాని కింద సర్దుబాటు పేరుతో మూడు లైన్లు ఉన్నాయి. ఒకటి ఈ నెలది. మిగతా రెండూ 2022-23లో, 2023-24లో వాడిన కరెంటుకట. మూడూ కలిపి 512 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం అన్నీ వేసి 2,376 చేతిలో పెట్టాడు.

ఇంట్లో ఆరుగురం. నేను బెజవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పని చేస్తాను. ఒకటే ఏసీ, నాన్నకి గుండె ఆపరేషన్ అయ్యాక పెట్టించాం, రాత్రి పూట వేస్తాం. మూడేళ్ల కింద వాడిన కరెంటుకి ఇప్పుడు డబ్బు కట్టడం ఏ కిరాణా కొట్లోనైనా ఉంటుందా?

అసలు అడగాలనుకున్నది ఇది. షాపులో టీవీలో ఒకాయన గట్టిగా చెప్తున్నాడు: 2030 కల్లా బొగ్గు, గ్యాస్ వాడని కరెంటు 500 గిగావాట్లు, 2070 కల్లా నెట్ జీరో (వదిలే కార్బన్‌కీ పీల్చుకునేదానికీ సరి) అని విదేశాల్లో మాట ఇచ్చి వచ్చారు, ఆ ఖర్చంతా ఈ సర్దుబాటు లైన్లలో మన చేత కట్టిస్తున్నారు అని. నిజమేనా? భూమి వేడెక్కడం నాకు పట్టని విషయం కాదు. నిరుడు బుడమేరు వాగు పొంగినప్పుడు మా చెల్లెలి ఇంట్లో నాలుగడుగుల నీళ్లు నిలబడ్డాయి, పిల్లల్ని పడవలో తీసుకొచ్చాం. కానీ లక్ష్యాలు పెట్టేది వాళ్లు, కట్టేది మనమా? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

సింగ్‌నగర్_వాణి
మాకు 268 యూనిట్లకి సర్దుబాట్లే 430 వచ్చాయి. బుడమేరు నీళ్లలో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పోయినవాళ్లం. ఆ ఫ్రిజ్ ఇప్పుడు లేదు కానీ దానికి కాలిన పాత కరెంటు బాకీ మాత్రం ఇంకా కడుతున్నాం.

మండే_జేబు
టీవీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పర్యావరణం పేరు చెప్పి మధ్యతరగతిని పిండుతున్నారు. చైనా, అమెరికా పొగ వదులుతుంటే మనం ఫ్యాన్ ఆపుకోవాలట.

రిటైర్డ్_ఏఈ
ముప్పై నాలుగేళ్లు విద్యుత్ శాఖలోనే చేశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ప్రసాద్ గారూ, సర్దుబాటు అంటే ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. ఏడాది మొదట్లో ఈఆర్సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి, ఒక అంచనా వేసి రేటు పెడుతుంది. ఏడాది గడిచాక నిజంగా అయిన ఖర్చు ఎక్కువైతే ఆ తేడా వసూలు చేసుకోమంటుంది. 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు అలా అనుమతించినవే. మీ బిల్లులో పాత లైన్లు రెండూ అవి. ఈ నెల లైను యూనిట్‌కి 40 పైసలు, 310కి 124 రూపాయలు. మీ కాగితం చూసుకోండి, సరిపోతుంది.

మరి 2022లో ఖర్చు ఎందుకు పెరిగింది? ఆ వేసవి గుర్తు తెచ్చుకోండి. మన దగ్గర పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు. బొగ్గు రైళ్లు రాలేదు. ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర ఆకాశానికెక్కింది, అదే సమయంలో పది శాతం విదేశీ బొగ్గు కలపమని కేంద్రం చెప్పింది. మార్చిలో కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో యూనిట్ 20 రూపాయలు తాకింది. ఏప్రిల్ నుంచి 12 దాటకూడదని కళ్లెం వేశారు. ఆ 12కీ కొన్నారు, కోతలు పెడితే జనం ఊరుకోరు కాబట్టి. ఆ బాకీయే ఇప్పుడు మీ ఇంటికి వచ్చింది. ఇందులో ఎక్కువ భాగం బొగ్గు, మార్కెట్ కొనుగోళ్లది. గాలిమరలదీ సోలార్‌దీ కాదు.

మండే_జేబు
ఏఈ గారూ, సగమే చెప్పారు. మన రాష్ట్రంలో గాలి కరెంటు యూనిట్ 4.84కి పాతికేళ్లు కొంటామని ఒప్పందాలు రాసుకోలేదా? 2019లో ప్రభుత్వం తగ్గించమని అడిగితే కంపెనీలు కోర్టుకెళ్లి 2022 మార్చిలో గెలవలేదా? బయట సోలార్ రెండున్నరకి దొరుకుతుంటే 4.84 కట్టడం లక్ష్యాల ఖర్చు కాకపోతే ఏమిటి?

రిటైర్డ్_ఏఈ
అది నిజం, ఒప్పుకుంటున్నాను. ముందు మొదలుపెట్టినవాడు ఎక్కువ రేటు కట్టాడు. 2012-13లో మన రాష్ట్రం సోలార్‌కి 6.49 ఇస్తానంది. 2015 నవంబరులో కర్నూలు జిల్లా గని అనే ఊరి దగ్గర 4.63కి వేలం పడితే దేశమంతా నోరు వెళ్లబెట్టింది. 2017లో రాజస్థాన్ భడ్లాలో 2.44. పదేళ్లలో ఏ సరుకు ధర ఇలా పడింది చెప్పండి? పాత ఒప్పందాల భారం మన మీద ఉంది. కానీ ఆ 4.84 పాతికేళ్లూ 4.84గానే ఉంటుంది, యుద్ధం వచ్చినా బొగ్గు రైలు రాకపోయినా. థర్మల్, అంటే బొగ్గు కరెంటు ఒప్పందంలో బొగ్గు ధర పెరిగితే ఆ తేడా మన మీదే వేస్తారు, అదే మీరు చూస్తున్న సర్దుబాటు.

పటమట_ప్రసాద్
అంటే గాలి కరెంటు ఖర్చు ముందే టారిఫ్‌లో కలిసిపోయి ఉంది, సర్దుబాటులో వచ్చింది ఎక్కువగా బొగ్గు దెబ్బ. ఇంతేనా?

రిటైర్డ్_ఏఈ
అంతే. రెండింటికీ మీరే కడుతున్నారు, అందులో అనుమానం లేదు. ఏది ఏ లైన్లో ఉందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఎమ్మెస్సీ_హరిత
లక్ష్యం గురించి టీవీల్లో ఎప్పుడూ తప్పుగానే చెప్తారు, అందుకే రాస్తున్నా. 2030కి మనదేశం పెట్టుకున్న అధికారిక లక్ష్యాల్లో మొత్తం ఉద్గారాలు (భూమిని వేడెక్కించే వాయువులు) ఇప్పటికంటే ఇంత తగ్గిస్తామని లేదు. జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాలు 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామన్నాం. కరెంటు తయారుచేయగల స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం, అంటే బొగ్గు, గ్యాస్ లాంటివి కానిది, చేస్తామన్నాం. రెండోది 2025లోనే, ఐదేళ్లు ముందుగా, దాటేశాం. నెట్ జీరో 2070 మాట 2021 నవంబరులో గ్లాస్గోలో ఇచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సామర్థ్యం సగమైంది కానీ తయారయ్యే యూనిట్లలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ బొగ్గువే. ఎండ రోజుకి ఐదారు గంటలే గట్టిగా కాస్తుంది మరి.

ఇంటి బిల్లు దాకా లక్ష్యం వచ్చే ముఖ్యమైన దారి: డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, కొనే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదకం (ఎండ, గాలి లాంటివి) ఉండాలన్న నిబంధన. 2029-30కి అది 43.33 శాతం. చవగ్గా కొంటే బిల్లు తగ్గుతుంది, ఎక్కువకి కొంటే పెరుగుతుంది. లక్ష్యం ఎంత అన్నదానికంటే కొనుగోలు ఎలా చేశారన్నదే పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం.

మండే_జేబు
ఐదారు గంటలే కాస్తే రాత్రి పదింటికి ప్రసాద్ గారి నాన్నగారి ఏసీ దేనితో నడుస్తుందమ్మా?

బూడిద_ఊరు
బొగ్గు చవక అనేవాళ్ల కోసం ఒక మాట. మాది థర్మల్ ప్లాంటు పక్క ఊరు. మా నాన్న అందులోనే కాంట్రాక్టు పని చేసి మమ్మల్ని చదివించాడు, కాబట్టి ఆ ప్లాంటు అన్నం తిన్నాను, ఆ మాట మరిచిపోను. కానీ మా అమ్మ పొద్దున్నే తులసికోట కడిగేది. మధ్యాహ్నానికి ఆకుల మీద వేలితో గీస్తే గీత పడేది. మిరపకాయలు డాబా మీద ఆరబెట్టాలంటే పైన పాత చీర కప్పేవాళ్లం. సాయంత్రం ఆ చీర దులిపితే రాలేది గోధుమ పిండి కంటే మెత్తగా ఉండేది. తెల్ల యూనిఫాం మాకు ఎప్పుడూ తెల్లగా లేదు.

నాన్న ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆగిపోతాడు. నెలకి ఇన్హేలర్లకే 900 అవుతుంది. ఆ 900 ఎవరి కరెంటు బిల్లులోనూ రాదు. బెజవాడలో యూనిట్ ఆరు రూపాయలే పడుతోందంటే మిగతాది మేం కడుతున్నాం కాబట్టి.

సింగ్‌నగర్_వాణి
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను అక్కా.

మండే_జేబు
మీ నాన్నగారి విషయం బాధగా ఉంది, దాన్ని తేలిక చేయను. కానీ అక్కడ కావాల్సింది ప్లాంటుకి ఫిల్టర్లు. గంధకం పొగ ఆపే ఎఫ్‌జీడీ యంత్రాలు పెట్టమని 2015లోనే నిబంధన వచ్చింది. పదేళ్లు వాయిదాలు వేసి, 2025 జులైలో చాలా ప్లాంట్లకి అక్కర్లేదని సడలించారు. దానికీ కారణం యూనిట్‌కి పాతిక ముప్పై పైసలు పెరుగుతుందనే. అంటే పైసలు మిగల్చడానికి ఊపిరితిత్తులు పెట్టారు. ఈ విషయంలో నేను మీ పక్కనే.

ఎమ్మెస్సీ_హరిత
చిన్న సవరణ. ఎఫ్‌జీడీ ఆపేది సల్ఫర్ డయాక్సైడ్‌ని. భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ దానితో తగ్గదు, పైగా ఆ యంత్రం కొంత కరెంటు తింటుంది. బూడిద ఆపేది వేరే పరికరం, ఈఎస్పీ. ఈ మూడూ కలిపి మాట్లాడితే ఎవరి ఖర్చు దేనికో తెలియకుండా పోతుంది. కానీ మండే_జేబు గారు ఈ చర్చలో మొదటిసారి నాతో కలిశారు, తేదీ రాసి పెట్టుకుంటున్నా :)

కిరాయి_ఇల్లు
హైదరాబాద్ నుంచి. మాకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు ఉంది, తెల్లకార్డు ఉంటే. మంచిదే, మా అమ్మకి నెలకి 700 మిగులుతోంది. కానీ 201 అయితే మొత్తం బిల్లు కట్టాలి. అందుకని మే నెలలో 20వ తేదీ దాటగానే మా అమ్మ మీటర్ దగ్గర నిలబడి మా అందరి ఫ్యాన్లూ కూలర్లూ లెక్కపెడుతుంది. రీడింగ్‌కి నాలుగు రోజులు లేటుగా వస్తే గుండె దడే. ఆ టెన్షన్ ముందు నెట్ జీరో గుర్తుకు రాదు అన్నా.

ఇంతకుముందున్న ఇంట్లో ఓనర్ సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి పది రూపాయలు తీసుకునేవాడు. మేం ఎంత పొదుపు చేసినా తక్కువ వాడినవాళ్లకిచ్చే ఏ తక్కువ రేటు శ్లాబూ మాకు దక్కలేదు.

పైకప్పు_గుంటూరు
సోలార్ పెట్టించుకోండి అందరూ. నేను 3 కిలోవాట్లు పెట్టించాను. ఖర్చు రెండు లక్షల లోపే, కేంద్రం సూర్యఘర్ పథకం సబ్సిడీ 78,000 నెల రోజుల్లో ఖాతాలో పడింది. నెలకి 340-360 యూనిట్లు వస్తున్నాయి. ఏప్రిల్, మే బిల్లులు కూడా 200 రూపాయలు దాటలేదు. పెట్టించిన ఏజెన్సీ వాడు మాత్రం డబ్బు తీసుకున్నాక ఫోన్ ఎత్తలేదు, గ్రిడ్‌కిచ్చిన యూనిట్లు వాడినవాటిలోంచి తీసేసే నెట్ మీటర్ కోసం ఏడు వారాలు నేనే తిరిగాను. అది భరించగలిగితే బంగారం లాంటి పథకం.

కిరాయి_ఇల్లు
పైకప్పు మాది కాదు కదా గుంటూరు అన్నా. రెండు లక్షలు ఉంటే ముందు అడ్వాన్స్ కట్టి మంచి ఇంట్లోకి మారేవాళ్లం.

రిటైర్డ్_ఏఈ
ఈ అబ్బాయి అన్నది చాలా పెద్ద విషయం, దాటేయొద్దు. మన టారిఫ్ నడిచేది క్రాస్ సబ్సిడీ మీద. ఏపీలో మొదటి 30 యూనిట్లకి 1.90, 400 దాటాక 9.75. పైవాడు ఎక్కువ కట్టి కిందివాడికి తగ్గిస్తున్నాడు. ఇప్పుడు పై శ్లాబులవాళ్లే సోలార్ పెట్టుకుని బయటికి పోతున్నారు. స్తంభాలు, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మా లైన్‌మెన్ల జీతాలు అన్నీ అలాగే ఉంటాయి. ఆ ఖర్చు మిగిలినవాళ్ల మీద పడుతుంది. మిగిలేది ఎవరు? అద్దెకుండేవాళ్లు, రేకుల ఇళ్లవాళ్లు, అపార్ట్‌మెంట్ కింది అంతస్తుల వాళ్లు.

పైకప్పు_గుంటూరు
అంటే నేను నేరం చేశానా? సొంత డబ్బు పెట్టాను, పొగ తగ్గించాను. మధ్యాహ్నం నేను గ్రిడ్‌కిచ్చే కరెంటు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటి వెళ్లదు, పక్కింటి మిక్సీకే పోతుంది. లైన్ నష్టం మిగలడం లేదా? అది కూడా లెక్కలో వేయండి.

రిటైర్డ్_ఏఈ
నేరం అనలేదు బాబూ. మీరు చేసింది మంచి పనే, లైన్ నష్టం సంగతీ నిజమే. మధ్యాహ్నం మీరిచ్చిన యూనిట్, రాత్రి ఎనిమిదింటికి మీరు తీసుకునే యూనిట్ ఒకే ధర కాదు అంటున్నానంతే. ఒకటికి ఒకటి సరిపెట్టడం వల్ల రాత్రి ఖర్చు ఎవరో మోస్తున్నారు.

సీమ_జీవాలు
మా వైపు సోలార్ పార్కు వచ్చి ఎనిమిదేళ్లు దాటింది. కొండ ఎక్కి చూస్తే చెరువు నిండినట్టు అద్దాలు. పట్టా ఉన్నవాళ్లకి పరిహారం వచ్చింది. మా ఇంట్లో 80 గొర్రెలు ఉండేవి, మేసింది బంజరులో. బంజరుకి పట్టా ఉండదు కదా, మాకేమీ రాలేదు. కంచె వేశాక జీవాల్ని నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిప్పి నీళ్లకి తీసుకెళ్లాలి. ఇప్పుడు 22 ఉన్నాయి. మా తమ్ముడు ఆ పార్కులోనే గడ్డి కోసే పనికి వెళ్తాడు, నెలనెలా జీతం వస్తోంది, అది కూడా చెప్పాలి.

నేను సోలార్ వద్దనను. పగటి పూట తొమ్మిది గంటలు మోటారుకి కరెంటు వస్తోందంటే దాని చలవే. ముందు అర్ధరాత్రి రెండింటికి మోటారు వేయడానికి చీకట్లో చేలోకి పోయేవాళ్లం, మా పెదనాన్నకి పాము కరిచింది అట్లాంటి రాత్రే. ఇందాక బూడిద ఊరి అక్క రాసినట్టు, మా గొర్రెల లెక్క కూడా ఎవరి బిల్లులోనూ లేదు. ఉండాలి.

బూడిద_ఊరు
నిజం తమ్ముడూ. మా ఊరైనా మీ ఊరైనా వైరు మాత్రం పట్నానికే పోతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
జర్మనీలో పదకొండేళ్లుగా ఉంటున్నా. ఇక్కడ ప్రసాద్ గారి అనుమానం అక్షరాలా జరిగింది. పునరుత్పాదక విద్యుత్ కోసమని ప్రతి ఇంటి బిల్లులో వేరే లైను ఉండేది. 2017లో యూనిట్‌కి 6.88 సెంట్లు. మా ఇంట్లో ఏడాదికి 2,500 యూనిట్లు వాడితే దానికే 170 యూరోలు పోయేవి. పెద్ద పరిశ్రమలకి మినహాయింపు, ఇళ్ల మీద భారం. జనం బాగా మండిపడ్డారు. చివరికి 2022 జులైలో ఆ లైను ఎత్తేసి ప్రభుత్వ నిధుల నుంచి కట్టడం మొదలుపెట్టారు.

మరి బిల్లు తగ్గిందా అంటే లేదు. అదే ఏడాది రష్యా గ్యాస్ ఆగిపోయి ధరలు లేచాయి. యూనిట్ 40 సెంట్లకి అటూ ఇటూగా వెళ్లింది. హరిత లైను పోయినా ఇంధనం దెబ్బ దానికి మించి పడింది. ఏఈ గారు 2022 బొగ్గు గురించి రాసింది చదువుతుంటే ఒకే కథ రెండు దేశాల్లో జరిగినట్టు అనిపించింది.

ఒకటి మాత్రం ఇక్కడ బాగుంది. లైను బిల్లులో కనపడేది కాబట్టే జనం అడగగలిగారు.

మండే_జేబు
ఫణి గారు చెప్పింది నా వాదనకే బలం. లక్ష్యాల ఖర్చు పన్నుల నుంచి పెట్టండి. పన్ను ఆదాయాన్ని బట్టి పడుతుంది, కరెంటు బిల్లు ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి పడుతుంది. ఆరుగురున్న లేత్ కార్మికుడి ఇల్లు 8.75 శ్లాబులో, ఇద్దరే ఉన్న సాఫ్ట్‌వేర్ జంట 6 శ్లాబులో. ఇదెక్కడి న్యాయం?

ఎమ్మెస్సీ_హరిత
దీంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నా. రెండోసారి.

మనకీ అలాంటి ఛార్జీ ఒకటి ఉండేది, ఎవరి కంటా పడలేదంతే. 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయలు క్లీన్ ఎనర్జీ సెస్ అని వేశారు. 2016కి అది 400 అయింది. ఒక యూనిట్‌కి దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది, అంటే యూనిట్‌కి 28 పైసలు. ఆ డబ్బు శుభ్రమైన ఇంధనం కోసం అన్నారు. 2017లో జీఎస్టీ వచ్చాక అది రాష్ట్రాల నష్టపరిహారం ఖాతాలోకి వెళ్లింది. వాతావరణం పేరు మీద మనం నిజంగా కట్టిన పెద్ద ఛార్జీ చాలావరకు వాతావరణానికి వెళ్లలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పటమట_ప్రసాద్
ఆ సెస్ ఇప్పుడూ ఉందా?

రిటైర్డ్_ఏఈ
2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు, బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు. టన్ను 1,500 అనుకుందాం. ఇంతకుముందు జీఎస్టీ 75, సెస్ 400, మొత్తం 475. ఇప్పుడు 270. టన్నుకి 205 మిగులు, యూనిట్‌కి 14 పైసలు. ఇది మన సర్దుబాటు లైన్లో తగ్గి కనపడాలి. కనపడకపోతే అడగాల్సింది దీని గురించే.

ఇంకొకటి. 2024-25 ఏడాదికి నెలనెలా 40 పైసలు ఎక్కువే వసూలు చేశారని తేలి 923 కోట్లు వెనక్కి ఇమ్మని ఈఆర్సీ చెప్పింది. నవంబరు నుంచి యూనిట్‌కి 13 పైసల చొప్పున తగ్గాలి. ప్రసాద్ గారికి నెలకి 40 రూపాయలు.

సింగ్‌నగర్_వాణి
40 రూపాయలంటే ఒక పాల ప్యాకెట్టూ ఆకుకూరలూ. వదిలేది లేదు, నవంబరు బిల్లు పట్టుకుని చూస్తా.

కొవ్వాడ_దగ్గర
అణు కరెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. పొగ లేదు, రాత్రీ పగలూ నడుస్తుంది.

సీమ_జీవాలు
అణు ప్లాంటు కోసమని మీ కొవ్వాడలో భూమి పోగొట్టుకున్నవాళ్లని అడిగారా అన్నా ముందు?

రిటైర్డ్_ఏఈ
అణువు మీద వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే తెమలదు. రాత్రి ఏసీ దేనితో నడుస్తుందని అడిగిన ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. ఇవాళైతే బొగ్గుతోనే నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి సోలార్ పడిపోతుంది, ఏడు నుంచి పదకొండు దాకా వాడకం లేస్తుంది. ఆ నాలుగు గంటల కోసం థర్మల్ ప్లాంట్లని పగలంతా నిప్పు ఆరకుండా తక్కువ లోడు మీద ఉంచాలి. మనం కొన్నా కొనకపోయినా వాటి స్థిర ఛార్జీ కట్టాలి. అందుకే రెండున్నరకి సోలార్ కొన్నాం అన్నంత మాత్రాన బిల్లు రెండున్నరకి రాదు. ఇది సోలార్ సమర్థించేవాళ్లు దాచకూడని నిజం.

దీనికి దారి నిల్వ. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీ కట్టారు. పగటి సోలార్‌తో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు శ్రీశైలం గేట్లు చూసి అదే గొప్ప అనుకునేవాణ్ణి. నిల్వ ఖర్చు కలిపి యూనిట్ ఎంత పడుతుందన్నదే రాబోయే పదేళ్ల లెక్క.

ఫిజిక్స్_మాస్టారు
అందరూ పెద్ద లెక్కలు చెప్పారు. నేను ప్రసాద్ గారి ఇంటి లెక్క చేస్తాను. మీ ఇంట్లో ఫ్యాన్లు ఎన్ని, ఎప్పటివి?

పటమట_ప్రసాద్
రోజంతా తిరిగేవి మూడు. నాన్న కొన్నవి, ఇరవై ఏళ్లు దాటాయి. కెపాసిటర్లు మార్చి మార్చి నడిపిస్తున్నా.

ఫిజిక్స్_మాస్టారు
పాత ఫ్యాన్ 75 వాట్లు. ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, అదే గాలి. ఒక్కోదానికి 45 వాట్ల తేడా. మూడు ఫ్యాన్లు, రోజుకి 14 గంటలు: 1.9 యూనిట్లు. నెలకి 57.

ఇక్కడ శ్లాబు మీకు కలిసొస్తుంది. మీరు తగ్గించే యూనిట్లు చివరివి, అంటే 226 పైన 8.75 రూపాయలవి. 57 యూనిట్లకి సుమారు 499 రూపాయలు, సర్దుబాటు తగ్గేది వేరే. ఫ్యాన్ ఒకటి 3,000 అనుకున్నా మూడింటికి 9,000. చలికాలం వదిలేసి ఎనిమిది నెలలే లెక్కేసినా రెండేళ్ల పైచిలుకులో వచ్చేస్తుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 720 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి నెలకి 41 కిలోలు తగ్గుతుంది. ఉద్గారాలా, బిల్లా అని తూకం వేయాల్సిన పని లేని చోటు ఇది.

మండే_జేబు
లెక్క బాగుంది మాస్టారూ. కానీ 9,000 ఒక్కసారి ఎక్కడినుంచి తెస్తారు? ఒకప్పుడు ఎల్ఈడీ బల్బులు బిల్లు మీద వాయిదాల్లో ఇచ్చారు. ఫ్యాన్లూ అలా ఇంటింటికీ ఇస్తే రాత్రి అందరూ ఒకేసారి వాడే పీక్ లోడే తగ్గుతుంది కదా. లక్ష్యాల కోసం పెట్టే డబ్బు ముందు అక్కడ పెట్టమనండి, నేనే చప్పట్లు కొడతా.

కిరాయి_ఇల్లు
ఫ్యాన్ అయితే ఇల్లు మారినా ఊడదీసి పట్టుకుపోవచ్చు. ఈ చర్చలో మా వాళ్లకి పనికొచ్చే మాట ఇదొక్కటే వచ్చింది, థాంక్స్ సార్.

రిటైర్డ్_ఏఈ
ఒక పని చేయొచ్చు. నవంబరు చివరికి డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికలు, అంటే ఖర్చెంత, ఎంత వసూలు చేయాలన్న లెక్కలు, ఈఆర్సీకి ఇస్తాయి. వాటి మీద అభ్యంతరాలు ఎవరైనా రాయొచ్చు, ఫీజు లేదు, తెలుగులోనే రాయొచ్చు. తర్వాత బహిరంగ విచారణ పెడతారు. నా సర్వీసులో చూశాను, అక్కడికి పరిశ్రమల తరఫున లాయర్లు వస్తారు, రైతు సంఘాలు వస్తాయి, ఇళ్లవాళ్లు పదిమంది కూడా రారు.

పటమట_ప్రసాద్
పది రోజులు పని ఒత్తిడిలో రాలేకపోయాను, అన్నీ ఇవాళ చదివాను. రెండు ఫ్యాన్లు తెచ్చా, షాపు యజమాని జీతంలో నెలకి వెయ్యి చొప్పున కోసుకుంటానన్నాడు. మాస్టారి మాట మీద మీటర్ కూడా రాసుకున్నా. పొద్దున ఆరు నుంచి మళ్లీ ఆరుకి, మార్చక ముందు 10.4 యూనిట్లు, మార్చాక 9.1. మూడోది నాన్న గదిలోది. కొత్తది చప్పుడు చేయకపోతే తిరుగుతోందో లేదో తెలియదని ఆయన ఒప్పుకోవడం లేదు, సంక్రాంతికి చూస్తాను.

అభ్యంతరం రాయడం మొదలుపెట్టా. నాలుగు అంశాలు: సెస్ పోయిన 14 పైసలు ఎప్పటి నుంచి తగ్గిస్తారు; పునరుత్పాదక కొనుగోలు ఖర్చు, బొగ్గు ఖర్చు బిల్లులో వేరే వేరే లైన్లుగా చూపించాలి; అద్దె ఇళ్లవాళ్లకి ఫ్యాన్లు వాయిదాల మీద ఇవ్వాలి; ఆరుగురున్న ఇంటినీ ఇద్దరున్న ఇంటినీ ఒకే శ్లాబుతో కొలవకూడదు. బూడిద_ఊరు గారూ, మీ నాన్నగారి 900 గురించి ఐదో అంశంగా రాయనా? మీరు సరే అంటేనే.

బూడిద_ఊరు
రాయండి అన్నా. మందుల చీటీ ఫొటో పంపుతా, పేరు మాత్రం కొట్టేయండి.

మండే_జేబు
గాలి ఒప్పందాల 4.84 కూడా చేర్చండి. లేకపోతే నేను సంతకం పెట్టను.

పటమట_ప్రసాద్
చేర్చా. ఆరో అంశం.

సింగ్‌నగర్_వాణి
మా వీధిలో పదకొండు ఇళ్లవాళ్లు సంతకం పెడతామన్నారు. ఆదివారం పొద్దున పదింటికి మా ఇంటికి రండి ప్రసాద్ గారూ. అందరూ మూడు నెలల బిల్లుల జిరాక్సులు పట్టుకొస్తారు.